గడ్డితో గ్యాసు సరే, గడ్డికి నీరేదీ?

కంభం: పేడ గుంతలోంచి గ్యాసు రావడం పల్లెవాసులకు వింతేమీ కాదు. 1981-82లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బయోగ్యాస్ పథకం మొదలుపెట్టినప్పుడు ఊళ్లలో గోబర్ గ్యాస్ పేరు బాగా వినిపించింది. నాలుగైదు పశువులుండి, రోజుకు 50 కిలోల పేడ, అంతే నీరు పోయగలిగిన ఇంటికి రెండు ఘనమీటర్ల గుంత సరిపోయేది. పశువులు తగ్గిన ఇళ్లలో ఆ గుంతకు మేత కరువైంది.

ఇప్పుడు అదే పని పెద్ద ఎత్తున తలపెట్టారు. పేడకు బదులు గడ్డి. కనిగిరి ప్రాంతంలోని పి.సి.పల్లి మండలం దివాకరపల్లి వద్ద రిలయన్స్ సంస్థ 139 కోట్ల రూపాయలతో నెలకొల్పదలచిన బయోగ్యాస్ ప్లాంటుకు 2025 ఏప్రిల్ 2న మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి దాన్ని పులియబెట్టాలన్నది ఉద్దేశం. రాష్ట్రంలో ఇలాంటివి 500 ప్లాంట్లు పెట్టాలని 2024 నవంబరులో ఒప్పందం కుదిరింది.

గుంత చిన్నదైనా, ట్యాంకు పెద్దదైనా పనిచేసేవి సూక్ష్మజీవులే. గాలి సోకని చోట మొదట ఒక జాతి జీవులు మేతను పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. పాలు తోడుకుని పులుపెక్కడం కూడా ఇటువంటిదే. ఆ ఆమ్లాలను మరో జాతి తిని మీథేన్ వాయువును వదులుతుంది. ఈ రెండో జాతిది నిదానపు నడక. ఒకేసారి మేత ఎక్కువ వేస్తే గుంత పులిసిపోయి గ్యాసు ఆగిపోతుంది. మనిషికి అజీర్తి చేసినట్టేననుకోవచ్చు! వచ్చిన గ్యాసులో సుమారు 60 పాళ్లు మీథేన్, మిగిలింది చాలావరకు బొగ్గుపులుసు వాయువు. దాన్ని తీసివేసి, మీథేన్‌ను ఒత్తిడితో సిలిండర్లలో నింపితే వాహనాలు నడుస్తాయి. యూరియా, మిథనాల్ వంటి రసాయనాల తయారీకి కూడా మీథేన్ ముడిసరుకే.

సూక్ష్మజీవులచేత రసాయనాలు చేయించుకోవడం పాత విద్యే. మొదటి ప్రపంచయుద్ధంలో తుపాకి మందుకు కావలసిన అసిటోన్‌ను బ్రిటన్ మొక్కజొన్న పులియబెట్టి తీసింది. 1917లో ధాన్యం కొరత వచ్చి, బడిపిల్లలచేత చెట్లకింద రాలిన గింజలు ఏరించింది. మేత దొరకకపోతే ఎంత గొప్ప సూక్ష్మజీవి అయినా ఏం చేస్తుంది?

ఇక్కడా చిక్కు మేత దగ్గరే. నేపియర్ ఒకసారి నాటితే కొన్నేళ్లు ఉంటుంది, నెలన్నర రెండు నెలలకొక కోత ఇస్తుంది. అయితే తడి, ఎరువు రెండూ కావాలి. పడమటి మండలాల్లో బోరు వేస్తే నీరు పడుతుందన్న భరోసా లేదు. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు కూడా వానలు కురిస్తేనే నిండుతుంది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీటికోసం ఎదురుచూపుల్లో ఒక తరం గడిచిపోయింది. ఏ నీటితో ఎన్ని ఎకరాల గడ్డి పెంచుతారో ముందే తేలాలి. తాగునీటి బోర్ల పక్కనే గడ్డి బోర్లు దిగితే తగాదా ఖాయం.

మరో సంగతి. గడ్డిలోని నత్రజని, భాస్వరం, పొటాష్ గ్యాసుతో పోవు, మిగిలిన మడ్డిలోనే ఉంటాయి. ఆ మడ్డి తిరిగి పొలానికి చేరకపోతే నేల ఏటేటా చవుడుబారినట్టు నిస్సారమవుతుంది. ఇటువంటి సేంద్రియ ఎరువు అమ్మకానికి టన్నుకు 1,500 రూపాయల సాయాన్ని కేంద్రం 2023లో ప్రకటించింది కాబట్టి దానికి గిరాకీ ఉంటుంది. భూమి కౌలుకిచ్చే రైతులు కౌలు డబ్బుతోపాటు, ఎకరాకు ఎంత మడ్డి వెనక్కి ఇస్తారో కూడా పత్రంలో రాయించుకోవడం మంచిది.