కోరస్ రాసినాయన కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు!

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరుకి తెల్లారగట్ల కంపెనీ బస్సెక్కే కుర్రాళ్ళని చూడండి. సగంమంది నిద్రలో ఉంటారు. మిగతా సగం చెవుల్లో పాటలు. ఆ పాటల్లో కోరస్ ఎవరు పాడారని ఎవరైనా అడుగుతారా? మన సినిమాల్లో కోరస్ అంటే హీరోయిన్ వెనకాల ‘లలల్లా’ అనే గుంపు, అంతే! క్రిస్మస్‌కి మెదక్ చర్చికి వెళ్ళొచ్చిన వాళ్ళకి మాత్రం పదిమంది గొంతు కలిపితే ఒళ్ళెలా జలదరిస్తుందో తెలుసు. అలాంటి చర్చి కోరస్‌లాంటిదాన్ని తెచ్చి ఎలక్ట్రిక్ గిటార్ల పక్కన నిలబెడితే?

1970లో లండన్‌లో ఆ సాహసం చేసినాయన రాన్ గీసిన్. స్కాట్లండ్ వాడు. అప్పటికి 26 ఏళ్ళు. పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం అతని చేతిలో ఒక టేపు పెట్టి, ‘దీనికి బాకాలూ కోరసూ రాసిపెట్టు గురూ’ అని అమెరికా టూరుకి చెక్కేసింది. ఆ టేపుదీ ఓ కథే. స్టూడియోవాళ్ళు టేపు పొదుపు చెయ్యమన్నారు. దాంతో డ్రమ్సూ బేస్ గిటారూ 23 నిమిషాల పైచిలుకు ఒకే టేకులో వాయించేశారు! వేగం అక్కడ పెరిగింది, ఇక్కడ తగ్గింది. దానిమీద స్వరాలు అల్లడమంటే కదిలే బస్సులో సూదిలో దారం ఎక్కించడమే. వేసవి ఉక్క భరించలేక గీసిన్ లోదుస్తులతోనే కూర్చుని రాశాడట!

రికార్డింగులో బాకాలవాళ్ళు అతన్ని లెక్కచెయ్యలేదు. ఒకాయన వెటకారానికి గీసిన్ కొట్టబోయినంత పనయింది. చివరికి కోరస్ నాయకుడు జాన్ ఆల్డిస్ కండక్టర్ కర్ర అందుకుని గట్టెక్కించాడు. ఆ కోరస్‌లో మాటల్లేవు, ఉత్త శబ్దాలే. అయినా వింటే ఏదో అర్థమైనట్టే ఉంటుంది.

పేరు కూడా గీసినే దొరికించాడు. జులై 16న బీబీసీ కార్యక్రమానికి ముందు పేపరు చూపించి ‘ఇందులో వెతకండి’ అన్నాడు. గుండెకి అణుశక్తి పేస్‌మేకర్ పెట్టించుకున్న ఒకావిడ వార్త కనపడింది. ‘ఆటమ్ హార్ట్ మదర్’ అయింది!

రెండు రోజులు తిరిగేసరికి, జులై 18న, హైడ్ పార్కులో ఉచిత కచేరీ. వేలమంది జనం. వేదికమీద రాక్ బృందం, ఆల్డిస్ కోరస్, బాకాలు. జనంలో గీసిన్. తను కాగితం మీద విన్నది వేరు, ఇక్కడ వినపడుతున్నది వేరు. ముఖ్యంగా బాకాలు! ఉండలేక, కళ్ళనీళ్ళతో పార్కు నుంచి వెళ్ళిపోయాడు.

జనానికి ఆ బాధేం పట్టింది? అక్టోబరులో వచ్చిన రికార్డు బ్రిటన్‌లో నంబర్ వన్! ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ (1971) తీస్తున్న స్టాన్లీ కుబ్రిక్ ఈ సంగీతం కావాలని అడిగితే బృందం ఇవ్వనంది. (మన నిర్మాతలు వింటే గుండె పట్టుకుంటారు.) ఆ సినిమాలో రికార్డుల షాపు సీనుంది చూడండి, అక్కడ ఈ అట్ట కనపడుతుంది. తమాషా ఏమిటంటే, తరవాత్తరవాత ఆ బృందంలోని వాళ్ళే దీన్ని చులకన చేసి మాట్లాడారు. అది నాకు నచ్చలేదు. రాత్రిళ్ళు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మధ్యలో ఆ గొంతులు ఒక్కొక్కటే లేచే చోటు వినండి, నేనెందుకిలా అంటున్నానో తెలుస్తుంది.

మరి గీసిన్? 38 ఏళ్ళు ఆగాడు. 2008 జూన్ 14, 15 తేదీల్లో లండన్ కడోగన్ హాల్లో మళ్ళీ అదే స్వరం. ఇటలీనుంచి వచ్చిన కుర్ర బృందం, సంగీత కళాశాల విద్యార్థులు, కోరస్. ఈసారి గీసిన్ జనంలో లేడు, వేదికమీదే పియానో దగ్గరున్నాడు. రెండోరోజు గిటారు పట్టుకుని ఇంకో మనిషి కూడా వేదికెక్కాడు. ఎవరనుకున్నారు? పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మోర్!