విదేశీ విరాళం అంటే ఏది?

మైపాడు, రామతీర్థం వంటి మన సముద్రతీర క్షేత్రాలకు, సెలవులకు స్వగ్రామం వచ్చిన ప్రవాస కుటుంబాలు తప్పక వస్తుంటాయి. అన్నదానానికో, గోపుర నిర్మాణానికో విరాళం ఇవ్వాలని సంకల్పిస్తాయి. దేవాలయ ట్రస్టుల లెక్కలు తనిఖీ చేయడం నా వృత్తి కనుక వారు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మా ఊరి గుడికి మేమిచ్చేది విదేశీ విరాళం ఎలా అవుతుందండీ?"

2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, ఇక్కడ ముందుగా చూసేది దాత పౌరసత్వాన్ని. కువైట్‌లో ఇంటిపని చేసే తల్లి భారతీయ పాస్‌పోర్టు కలిగి, తన కష్టార్జితాన్ని బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం స్వీకరించిన డాక్టరు గారు నెల్లూరు బ్యాంకు ఖాతా నుంచి రూపాయలలోనే ఇచ్చినా అది విదేశీ విరాళమే. ఓసీఐ కార్డు ఉన్నా మార్పు లేదు. పుట్టిన ఊరి దేవుడికి పరాయివాడినా అని కొందరు నొచ్చుకుంటారు. ఆ బాధ సహజమే. చట్టం మాత్రం భక్తిని కొలవదు.

"తమ్ముడి పేరున పంపి, అతని చేత ఇప్పిస్తాను" అనే మాట తరచుగా వింటాను. అది కూడదు. విదేశీ మూలం నుంచి వచ్చిన సొమ్ము ఎన్ని చేతులు మారి ట్రస్టుకు చేరినా విదేశీ విరాళంగానే పరిగణించాలని చట్టంలో స్పష్టంగా ఉన్నది. రిజిస్ట్రేషను లేని ఆలయం దానిని స్వీకరిస్తే చిక్కు దాతకంటె ముందు ఆలయానికే.

రిజిస్ట్రేషను ఉన్న ట్రస్టుకూ నియమాలు కఠినమే. 2020 సవరణ తరువాత ఈ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే చేరాలి. పరిపాలన ఖర్చు 20 శాతం మించరాదు. మరొక సంస్థకు బదిలీ చేయరాదు. ఏటా డిసెంబరు 31 లోగా ఎఫ్‌సీ-4 ఫారంలో లెక్క సమర్పించాలి. రిజిస్ట్రేషను రద్దయితే మూడేళ్ళ వరకు తిరిగి పొందే అర్హత ఉండదు. తిరుమల తిరుపతి దేవస్థానం వంటి మహాసంస్థే, దాతల వివరాలు లేని హుండీ విదేశీ కరెన్సీ విషయమై 3 కోట్ల రూపాయలకు పైగా జరిమానా చెల్లించినట్లు 2023లో పత్రికలలో చదివాము. ఇక చిన్న ఆలయాల సంగతి చెప్పనేల? విదేశీ నోట్లను దయచేసి హుండీలో వేయకండి.

తల్లిదండ్రుల పేరిట ఇక్కడే సొంత ట్రస్టు స్థాపించాలనుకొనే అమెరికా వాసులు మరికొంత ఆలోచించాలి. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషనుకు సాధారణంగా మూడేళ్ళ ఉనికి, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షల రూపాయల సేవావ్యయం కావాలి. కొత్త ట్రస్టు ప్రతి నిర్దిష్ట విరాళానికీ కేంద్ర హోం శాఖ ముందస్తు అనుమతి పొందాలి. అటు అమెరికా దృష్టిలో అది విదేశీ ట్రస్టు. దానికి పంపిన సొమ్మును ఫారం 3520లో తెలపాలి. తెలపకపోతే జరిమానా 10,000 డాలర్లు, లేదా పంపిన మొత్తంలో 35 శాతం, ఏది ఎక్కువైతే అది. అక్కడి పన్ను శాఖ ధర్మసంస్థగా గుర్తించిన ట్రస్టులకు మినహాయింపు ఉన్నది గాని, నెల్లూరు కుటుంబ ట్రస్టుకు అటువంటి గుర్తింపు ఉండడం అరుదు. నేరుగా మన ఆలయాలకిచ్చిన విరాళంపై అక్కడ పన్ను తగ్గింపు కూడా లభించదు.

కనుక నా అభిప్రాయంలో, కొత్త ట్రస్టుకంటె రిజిస్ట్రేషను ఉన్న ట్రస్టుకు విరాళమివ్వడమే సులువు. పంపే ముందు ఆ ట్రస్టు రిజిస్ట్రేషను సంఖ్య, గడువు, ఢిల్లీ ఖాతా వివరాలు అడిగి తీసుకోండి. మీ పాస్‌పోర్టు ప్రతిని, విరాళం ఏ కార్యానికో తెలిపే లేఖను జతపరచండి.