పాప్ చిత్రకళలో స్త్రీరూపము – వర్ణసంకేతములు

చిత్రమున వర్ణము రెండు విధముల అర్థమిచ్చును. వస్తువునకు గల సహజమైన రంగును అనుకరించుట ఒకటి. ఒక భావమునకు సంకేతమై నిలుచుట రెండవది. భరతుడు నాట్యశాస్త్రమున శృంగారమునకు శ్యామవర్ణమును, కరుణకు కపోతవర్ణమును చెప్పుట ఈ రెండవ విధమునకు చెందినది. 1960 ప్రాంతమున ఇంగ్లండు, అమెరికా దేశములలో ప్రబలిన పాప్ చిత్రకళ మూడవ మార్గమును తొక్కినది. అందలి పెక్కు స్త్రీమూర్తుల రంగులు అచ్చుసిరా నుండియు, వ్యాపార ప్రకటనల నుండియు వచ్చినవి. ఈ భేదమును గుర్తింపనిచో అవి కేవల శృంగారచిత్రములుగా తోచును. ఇచట మూడు ఉదాహరణములను పరిశీలింతుము.

లండనులోని టేట్ చిత్రశాలకు చెందిన 'మార్లిన్ డిప్టిక్' మొదటిది. నటి మార్లిన్ మన్రో 1962 ఆగస్టులో మరణించిన పిమ్మట, ఆ సంవత్సరముననే ఆండీ వార్హోల్ దీనిని రచించెను. 1953 నాటి 'నయాగరా' చలనచిత్ర ప్రచారమునకై తీసిన ఛాయాచిత్రము దీనికి మూలము. పసుపుపచ్చని జుట్టు, గులాబిరంగు ముఖము, నీలి కనురెప్పలు, ఎఱ్ఱని పెదవులు వేరువేరు పూతలుగా నున్నవి. వానిపై సిల్క్ స్క్రీన్ అను వలచట్రము ద్వారా నల్లసిరాతో ముఖరేఖలు అద్దబడినవి. అందుచే రంగు రేఖలో ఒదుగక పెదవుల ఎఱుపు పెదవులను దాటును. ఎడమ ఫలకమున 25 రంగుల ముఖములు గలవు. కుడి ఫలకమున 25 ముఖములు నలుపు తెలుపులలో నుండి, ఒకచోట మసిబారి, అంచున వెలిసిపోయినవి. చూపరిని ఆకర్షించినది ఆ స్త్రీయా, ఆ రంగులా యను ప్రశ్న రంగు తొలగినచోటనే పుట్టుచున్నది.

టామ్ వెసెల్మన్ 1961లో ప్రారంభించిన 'గ్రేట్ అమెరికన్ న్యూడ్' చిత్రమాల రెండవది. అందు ఎఱుపు, తెలుపు, నీలము ప్రధానములు. అవి అమెరికా జాతీయపతాకపు రంగులు. పెక్కింట స్త్రీముఖమున కన్నులు లేవు, పెదవులు మాత్రముండును. దేశసమృద్ధికి గుర్తులైన వస్తువులలో స్త్రీదేహమును ఒకటిగా చేర్చుట ఈ వర్ణయోజన ఫలితము.

మూడవది ఇంగ్లండు చిత్రకారిణి పాలీన్ బోటీ 1962లో రచించిన 'కలర్ హర్ గాన్'. ఇందును మార్లినే నాయిక. కాని ఇది చేతితో వేసిన చిత్రము. ఆమె గులాబీల నడుమ నవ్వుచుండగా ఇరువైపుల బూడిదరంగు ఫలకములు మూసికొని వచ్చుచున్నట్లుండును. గులాబి స్త్రీయొక్క స్వీయానురాగమునకు, బూడిదరంగు వియోగమునకు సంకేతములని మా భావము. భరతుని కపోతవర్ణము ఇచట స్ఫురించుట సామ్యమే గాని ప్రభావము కాదు.

ఒకే స్త్రీ, ఒకే సంవత్సరము. ఒకచో వర్ణము విపణిని చూపెను, మఱియొకచో శోకమును చూపెను. కావున ఎఱుపునకు అర్థమేమని అడుగుటకు ముందు, ఆ ఎఱుపు ఎచటినుండి వచ్చినదని అడుగుట పరిశోధకునకు యుక్తము. చిత్రమున స్త్రీ వ్యక్తిగా నిలిచినదో, వస్తువుగా మాఱినదో దానివలననే తేటపడును.