నల్లమల నీలి సాలీడు: వర్గీకరణ, జీవన విధానం, సంరక్షణ

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలకు తూర్పున విస్తరించిన నల్లమల అడవి పరిసర గ్రామాలకు వంటచెరకును, పశువులకు మేతను అందిస్తున్నది. ఈ అడవిలోనే, నంద్యాల, గిద్దలూరుల మధ్యనున్న రిజర్వు అటవీ భాగంలో, మెరిసే నీలిరంగు గల అరుదైన సాలీడు నివసిస్తున్నది. దీని శాస్త్రీయ నామం పీసిలోథీరియా మెటాలికా.

వర్గీకరణలో స్థానం

తేళ్ళు, పంటలను ఆశించే ఎర్రనల్లి, సాలీళ్ళు అరాక్నిడా తరగతికి చెందినవి. వీటికి నాలుగు జతల కాళ్ళు ఉంటాయి. కీటకాలకు మూడు జతలే. సన్నని పొడవాటి కాళ్ళతో సాలీడును తలపించే ఒపిలియోన్లు కూడా ఈ తరగతివే. అయితే వాటి శరీరం ఒకే ముద్దగా ఉంటుంది. పట్టుదారం తీయవు, విషకోరలు లేవు. సాలీడుకు ఈ రెండూ ఉండి, ముందు భాగానికి, పొట్టకు మధ్య సన్నని నడుము కనిపిస్తుంది.

నీలి సాలీడు థెరఫోసిడే కుటుంబానికి చెందినది. టరాంటులాలుగా పేరొందిన ఈ కుటుంబంలో 1,000కి పైగా జాతులున్నాయి. వీటి కోరలు సమాంతరంగా పైనుండి కిందికి దిగుతాయి; శ్వాసకు రెండు జతల పుస్తకాకార ఊపిరితిత్తులు ఉంటాయి. పీసిలోథీరియా ప్రజాతి భారతదేశం, శ్రీలంకలకే పరిమితమైనది.

గుత్తి నుండి నల్లమలకు

ఈ జాతిని 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త గుత్తిలో లభించిన నమూనా ఆధారంగా వర్ణించాడు. ఆ తరువాత శతాబ్దానికి పైగా దీని జాడ తెలియలేదు. 2001లో గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నల్లమలలో ఇది తిరిగి కనుగొనబడింది. గుత్తి పరిసరాలలో వెదకినా లభించలేదు. అడవి నుండి కలపతోపాటు రైలులో గుత్తికి చేరి ఉండవచ్చునని పరిశోధకుల భావన. నమూనా దొరికిన చోటు, ప్రాణి నివాసం ఒకటే కానవసరం లేదని సేకరణ చేసేవారు దీని నుండి గ్రహించాలి.

జీవన విధానం

ఇది నేలలో బొరియ చేయదు. పెద్ద చెట్ల తొర్రలలో పట్టుదారంతో గూడు అల్లుకొని పగలు దాగి, రాత్రివేళ కీటకాలను వేటాడుతుంది. దీని నీలిరంగు వర్ణకం వలన కలిగినది కాదు. రోమాలలోని అతిసూక్ష్మ నిర్మాణాలపై కాంతి పడి వెనుదిరగడం వలన ఏర్పడినది. ఆడ సాలీడు గుడ్లను పట్టుసంచిలో ఉంచి కాపాడుతుంది. ఆడవి దాదాపు 12 ఏళ్ళు, మగవి మూడు నాలుగేళ్ళు జీవిస్తాయి. మగవి పరిపక్వత తరువాత కుబుసం విడువవు. కాటు వలన తీవ్రమైన నొప్పి, కండరాల పట్టివేత కలుగుతాయి. కనుక చేతితో తాకరాదు, కరచినచో వైద్యుని సంప్రదించాలి.

ముప్పు, సంరక్షణ

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి 2008లో ఈ జాతిని తీవ్ర ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించింది. ఆ అంచనాలో నమోదైన ఆవాసం ఒక్కటే. దాని విస్తీర్ణం 100 చదరపు కిలోమీటర్లకు లోపు. కలపకు, వంటచెరకుకు చెట్లను నరకడం, పెంపకందారులకు అమ్మడానికి పట్టుకోవడం ప్రధాన ముప్పులు. 2019లో పీసిలోథీరియా ప్రజాతి మొత్తం సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేరడంతో, వీటి అంతర్జాతీయ వాణిజ్యం నియంత్రణలోకి వచ్చింది.

అయితే వ్యాపారాన్ని అరికట్టినంత మాత్రాన ఈ జాతి నిలువదు. దీని మనుగడకు తొర్ర గల ముదురు చెట్టు ఆధారం. కలపకు పనికిరాదని అటువంటి చెట్టునే వంటచెరకుకు ముందుగా నరకడం పరిపాటి. కొత్తగా నాటిన మొక్కకు తొర్ర ఏర్పడడానికి దశాబ్దాలు పడుతుంది. కావున గట్లపై, బంజర్లలో వంటచెరకు మొక్కలు పెంచుకొని, అడవిలోని తొర్రచెట్లను ఎండినవైనా నరకక విడిచిపెట్టడం అవసరం.