పహాణీలో లేని కాలమ్: ధరణి పోర్టల్‌పై ఒక తాత్త్విక పరిశీలన

సాంకేతికత తటస్థమైన సాధనమనీ, దాని మంచిచెడ్డలు వినియోగించేవారిపైనే ఆధారపడతాయనీ సాధారణాభిప్రాయం. పరికరాల నిర్మాణంలోనే అధికార సంబంధాలు ఇమిడి ఉండవచ్చునని లాంగ్‌డన్ విన్నర్ 1980లో వెలువరించిన వ్యాసంలో వాదించారు. ఆ వాదాన్ని పరీక్షించడానికి మనం దూరం వెళ్లనక్కరలేదు. ఒకనాటి పొలాలు అపార్ట్‌మెంట్లుగా మారిన బాచుపల్లి ఉన్న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే, మూడుచింతలపల్లిలో, 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది.

పాత పహాణీలో పట్టాదారు పేరుతోపాటు అనుభవదారు కాలమ్ కూడా ఉండేది. భూమి ఎవరిది, దానిని ఎవరు సాగు చేస్తున్నారు అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలని ఆ కాగితం అంగీకరించింది. ధరణిలో రెండవ ప్రశ్నకు చోటు దక్కలేదు. అనుభవదారు కాలమ్‌ను అడ్డుపెట్టుకొని అక్రమాలు జరిగాయన్న వాదన ఉన్నది. అది నిరాధారం కాదు. గ్రామస్థాయి సిబ్బంది చేతిరాతపై నడిచిన వ్యవస్థ కోసం విచారించవలసిన పని కూడా లేదు. అయితే దుర్వినియోగాన్ని అరికట్టడం వేరు, ప్రశ్ననే తొలగించడం వేరు.

కౌలుదారుకు గుర్తింపు లేదని శాసనం ప్రకటిస్తే దానిని ఖండించవచ్చు, న్యాయస్థానంలో సవాలు చేయవచ్చు. నిజానికి 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలనే చెప్పింది. తెరపై లేని కాలమ్ సంగతి అలా కాదు. అక్కడ నిరాకరణ సైతం నమోదు కాదు. ధరణికి ముందే, 2018లో ఎకరానికి పంటకు 4,000 రూపాయలతో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే అందింది. కనుక దోషం యంత్రంలో పుట్టలేదు. ఒక విధాన నిర్ణయం యంత్రంలో చేరి, యంత్ర స్వభావంగా కనిపించసాగింది.

తప్పుల సవరణలోనూ ఇదే స్థితి. పాసుపుస్తకంలోని వివరాలు సరిచేయించుకోవడానికి టీఎం-33 వంటి మాడ్యూళ్లు ఏర్పడ్డాయి. రైతు తన కష్టాన్ని ముందుగా ఏదో ఒక మాడ్యూల్‌లో ఇమిడేలా చెప్పుకోవాలి. అది ఏ మాడ్యూలో చెప్పే మీసేవ కేంద్రం మనిషి కొత్త మధ్యవర్తి అయ్యాడు. (పట్వారీ పోయాడు, వీఆర్వో పోయాడు, మధ్యవర్తి మాత్రం పోలేదు.) రెవెన్యూ కోర్టులను 2020 చట్టం రద్దు చేసినందున, మాడ్యూల్‌లో ఒదగని వివాదానికి సివిల్ కోర్టే దిక్కయింది.

2025 ఏప్రిల్ 14న మాదాపూర్‌లోని శిల్పకళా వేదికలో ప్రారంభమైన భూభారతి, ఆర్డీవోకూ కలెక్టరుకూ అప్పీలు చేసుకునే వీలు కల్పించింది. పోర్టల్ కొనసాగుతూనే ఉన్నది. మాడ్యూల్ పేరు తెలియని రైతు గోడు వినవలసిన అధికారి మాత్రం మళ్లీ చట్టంలోకి వచ్చాడు.