కొండమీది పొలం ఎవరి పేరున?

ఆస్తిలో ఆడపిల్లకు వాటా ఉందని చట్టం చెబుతోంది. గిరిజన ఆడపిల్లకు మాత్రం ఆ మాట ఇప్పటికీ సూటిగా చెప్పడం లేదు. ఎందుకని?

బొబ్బిలి అంటే వీణ. బొబ్బిలి అంటే యుద్ధం. అక్కడి నుంచి సాలూరు వైపు వెళ్లినా, పార్వతీపురం మీదుగా కురుపాం వైపు వెళ్లినా కొండలు మొదలవుతాయి. జాతాపులు, సవరలు, గదబలు, కొండదొరల ఊళ్లవి. పోడులో విత్తు వేయడం, కలుపు తీయడం, అడ్డాకులు కుట్టడం, చింతపండూ కొండచీపుర్లూ నెత్తిన పెట్టుకుని సంతకు దిగడం... ఈ పనుల్లో ఆడవాళ్ల చెయ్యే ఎక్కువ. పొలం కాగితం మీద మాత్రం వాళ్ల పేరు వెతుక్కోవాల్సిందే!

సమానత్వం ఎంతవరకు?

'గిరిజనుల్లో ఆడా మగా సమానమే' అన్న మాట తరచూ వింటుంటాం. అందులో కొంత నిజం ఉంది. కట్నం బదులు మగపెళ్లివారే ఓలి ఇచ్చే ఆచారం ఉంది, మారుమనువుకు తప్పు పట్టరు. అయితే అంతటితో హక్కులు వచ్చేసినట్లు కాదని, భూమి వారసత్వం దగ్గరికొస్తే సంగతి వేరని సామాజికశాస్త్రవేత్త వర్జీనియస్ ఖాఖా 2004లోనే రాశారు. ఆయనా ఒరాన్ గిరిజనుడే.

చట్టం సంగతి చూద్దాం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కునిస్తూ మన రాష్ట్రం 1986లో చట్టం తెచ్చింది. 2005లో దేశమంతటికీ అదే మాట వచ్చింది. ఈ రెండూ 1956 చట్టానికి సవరణలే కాబట్టి కొండ ఎక్కలేదు. అక్కడ ఆచారమే చట్టం. ఆ ఆచారం చాలాచోట్ల కొడుకువైపే మొగ్గుతుంది.

మరి 1/70? గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా అడ్డుకునే గట్టి చట్టమది. బయటివాడి నుంచి పొలాన్ని కాపాడుతుంది. ఇంట్లో వాటాల జోలికి మాత్రం పోదు. 'ఆడపిల్లకు భూమిస్తే బయటివాడు పెళ్లాడి కాజేస్తాడు' అని కొందరు పెద్దలు భయపడతారు. గిరిజన మహిళల పేర భూములు పెట్టుకున్న బినామీలను చూశాక పుట్టిన భయమది. కానీ మోసం చేసేది బినామీదారు... హక్కు పోగొట్టుకునేది కూతురా?

వివక్ష ఉంటే స్వేచ్ఛ ఎక్కడ?

హైదరాబాద్‌కు చెందిన ఆచార్య కల్పనా కన్నబిరాన్ పరిశోధన ఇక్కడే అక్కరకొస్తుంది. 'అస్మిత' వ్యవస్థాపకుల్లో ఒకరు. నల్సార్‌లో పాఠాలు చెప్పారు. కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్‌కు డైరెక్టర్‌గా పనిచేశారు. 2012లో వచ్చిన 'టూల్స్ ఆఫ్ జస్టిస్' పుస్తకంలో కులం, ఆదివాసులు, మతం, వైకల్యం, స్త్రీల సమస్యలను రాజ్యాంగం వెలుగులో పరిశీలించారు. వివక్ష ఉన్నచోట స్వేచ్ఛ ఉండదు కాబట్టి సమానత్వపు హక్కునూ జీవించే హక్కునూ విడదీసి చూడకూడదన్నది ఆమె వాదనలోని సారం.

ఈ మాట బరువు తెలియాలంటే వాకపల్లిని తలచుకోవాలి. విశాఖ మన్యంలోని ఆ ఊళ్లో 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. తీర్పు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. నిందితులంతా నిర్దోషులుగా బయటపడ్డారు. అయితే దర్యాప్తులో లోపాలను ఎత్తిచూపిన కోర్టు, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. పదహారేళ్లు పోరాడినా నేరం ఎవరిదో తేలలేదు!

పట్టాలో రెండో పేరు

చీకట్లో ఒక దీపం లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. ఒంటరి మహిళ ఇంటి యజమాని అయితే ఆమె పేరనే ఇవ్వాలి. హక్కులు తేల్చే గ్రామసభకు వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. అటవీ హక్కుల కమిటీలోనూ అంతే.

సుప్రీంకోర్టూ మెల్లగా అడుగులేస్తోంది. 1996లో ఆచారాలను కొట్టివేయడానికి వెనకాడింది. 2022 డిసెంబరులో చట్టం మార్చే విషయం ఆలోచించమని కేంద్రానికి చెప్పింది. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్‌ గోండు కుటుంబం కేసులో, వద్దనే ఆచారం ఉన్నట్లు రుజువు కానప్పుడు మహిళకూ సమాన వాటా ఇవ్వాల్సిందేనంది. అదే ఏడాది అక్టోబరులో మాత్రం వారసత్వ చట్టం తెగలకు వర్తించదని మరో కేసులో గుర్తుచేసింది. అంటే కోర్టుకెళ్లిన ఆమెకు దారి ఉంది, వెళ్లలేని ఆమెకు ఆచారమే మిగిలింది. కేంద్రం చట్టం మార్చేదాకా అంతే.

ఈలోగా చేతిలో ఉన్నది అటవీ పట్టా. కొండ ఊళ్లలో గ్రామసభ కూర్చున్నప్పుడు ఆ కాగితం మీద రెండో పేరు ఉందో లేదో చదివించుకోవడం ఖర్చులేని పని. అక్కడ పేరు లేకపోతే, రేపు భర్త పోయినా వదిలేసినా... తాను దున్నిన పొలం గట్టుమీదే ఆమె పరాయిదవుతుంది.