తప్పు సరంగుదేనా?

మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో ట్రైనీ ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? ‘ప్రమాదాలు ఎందుకు జరుగుతాయి?’ అనడిగితే ‘మానవ తప్పిదం’ అనేసి ఊరుకోకండి.

2019 సెప్టెంబర్ 15 గుర్తుందా? గోదావరి వరద మీదుంది. అయినా పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. సుమారు 50 మంది ప్రాణాలు పోయాయి. 26 మందే బయటపడ్డారు. బోటు నడిపిన సరంగుదే తప్పు అనడం తేలిక. కానీ అంత వరదలో బోటును రేవు దాటనిచ్చిందెవరు? లైఫ్ జాకెట్లు ఒంటిమీదే ఉండేలా చూడాల్సిందెవరు?

బ్రిటన్ మనస్తత్వవేత్త జేమ్స్ రీజన్ భద్రతా ఏర్పాట్లను చిల్లులున్న జున్ను ముక్కలతో పోల్చారు. ఒక్కో ముక్క ఒక్కో అడ్డు. చిల్లులన్నీ ఒకే వరసలోకి వస్తేనే ప్రమాదం. సరంగు చివరి ముక్క మాత్రమే. కచ్చులూరు తర్వాత రేవుల్లో కంట్రోల్ రూమ్‌లు పెట్టాలనుకున్నది ముందున్న చిల్లులు పూడ్చడానికే.

ప్లాంటులోనూ అంతే. ఆగని కన్వేయర్ కిందికి దూరిన హెల్పర్‌ది పొరపాటే. మరి కరెంటు ఆపి, స్విచ్‌కి తాళం వేయించాల్సిందెవరు? చూడకుండా పర్మిట్ మీద సంతకం పెట్టిందెవరు?

రేపు ఆ సంతకం మీదే కావచ్చు. ఇంటర్వ్యూలో ఈ మాట చెప్పండి. ఉద్యోగం వచ్చాక మర్చిపోకండి.